తాడ్వాయి అడవికి ఏప్రిల్‌లో పిల్లలను తీసుకుపోవచ్చా?

హన్మకొండ టీచరమ్మ | 2025 మార్చి 9

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో సర్కారు బడిలో సైన్సు చెప్తాను. ఏడో తరగతి పిల్లలు పన్నెండు మందిని, ఎండలు మరీ ముదరకముందే ఏటూరునాగారం అభయారణ్యంలోని తాడ్వాయి అడవికి తీసుకుపోవాలని ఉంది. మా పిల్లల్లో చాలామంది పోయినేడు మేడారం జాతరకు పోయి వచ్చినవాళ్లే. తాము బస్సులో కూర్చుని దాటిన అడవి అభయారణ్యమని మాత్రం ఒక్కరికీ తెలియదు. డిసెంబరులో నల్లబెల్లి వైపు పులి అడుగులు కనిపించాయన్న వార్త వచ్చినప్పటి నుంచి "టీచర్, పులిని చూపిస్తరా" అని రోజూ అడుగుతున్నారు.

ఏప్రిల్ మొదటి పది రోజుల్లో పోతే ఏం కనిపిస్తాయి? ఎక్కడ ఆగాలి? దేనికి జాగ్రత్తపడాలి? ఈ అడవిని ఎరిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత బీట్ ఆఫీసర్ | మార్చి 9

తప్పకుండా తీసుకుపోండమ్మా. నేను ఈ అడవుల్లోనే ఉద్యోగంలో చేరి ఇక్కడే రిటైరయ్యాను. ఇంకా హైదరాబాద్ రాష్ట్రం ఉన్న రోజుల్లోనే, 1950ల మొదట్లో, దీన్ని అభయారణ్యం చేశారు. ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లకు పైచిలుకే. ఒక పక్క గోదావరి, నడుమ దయ్యంవాగు. దక్షిణానికి పోతే పాకాల అడవి, అదీ దాటితే కిన్నెరసాని. పేర్లు మూడు గానీ రాత్రి పూట నడిచే జంతువుకు అది ఒకటే అడవి. నల్లబెల్లి వచ్చిన పులి కూడా అట్లా నడుచుకుంటూ వచ్చిందే.

పులిని చూపిస్తానని మాత్రం పిల్లలకు మాట ఇవ్వకండి. ఇక్కడ అది కాపురం ఉండటం లేదు, వచ్చి పోతుంటుంది. చిరుత, గుడ్డెలుగు, రేచుకుక్కలు, అడవిదున్న, దుప్పి, కణుజు, మనుబోతు, కొండగొర్రె, అలుగు ఉన్నాయి. ఇన్ని ఉన్నా మీకు కంటికి కనిపించేది కొండముచ్చు, నెమలి, అదృష్టం బాగుంటే దుప్పుల మంద.

ఎందుకంటే ఇది ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, ఏగిస, తునికి, మొర్రి, వెదురు. ఏప్రిల్‌కల్లా టేకు ఆకంతా నేల మీదే ఉంటుంది. విస్తరంత ఆకు, అప్పడంలా ఎండి ఉంటుంది. కాలు పెడితే పటపటమంటుంది. పన్నెండు మంది పిల్లలు నడిస్తే ఆ చప్పుడు మొత్తం అడవికి వినిపిస్తుంది. అందుకని తిరగకండి. నీళ్లు ఉన్న ఒక చోటు చూసుకుని కదలకుండా కూర్చోండి. ముందుగా అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, బీట్ ఆఫీసరు గానీ అడవి కాపలా చూసే వాచర్ గానీ వెంట లేకుండా రోడ్డు దిగొద్దు. పదింటికల్లా బయటికి వచ్చేయాలి.

వాగొడ్డు | మార్చి 10

అక్కా, మాది తాడ్వాయి మండలమే, కోయోళ్లం. సార్ చెప్పింది నిజం. నేను ఇంకొకటి చెప్త.

పొద్దుగాల ఆరింటికే వాగు కాడ ఉండాలె. మీదికెల్లి చూస్తే వాగు ఎండినట్టే కొడ్తది గని ఇసుక కింద నీళ్లుంటయి. మేం మూరెడు లోతు ఇసుక తోడి చెలిమె చేస్తం. ముందుగాల నీళ్లు మడ్డిగ వస్తయి, రెండు మూడు సార్లు చిప్పతోని ముంచి పారబోస్తే తేటగ ఊరుతయి. పగటీలి మేం తాగి వచ్చిన చెలిమెలనే రాత్రి దుప్పులు, పందులు తాగుతయి. కొన్నిసార్లు జంతువులే గీరుకుంటయి.

తెల్లారి ఆడికి పోతే ఎవరెవరు వచ్చి పోయిన్రో ఇసుక మీదనే ఉంటది. దుప్పి గిట్ట మొన తేలి చిన్నగ పడ్తది. పందిదైతే గిట్ట ఎనుక రెండు చిన్న గుంటలు సుత పడ్తయి. గుడ్డెలుగు ఎనుక కాలు జూస్తే చిన్న పోరడు ఉత్త కాళ్లతోని నడిచినట్టే ఉంటది, ముంగట కాలుకు మాత్రం గోళ్ల గీతలు వేళ్లకు దూరంగ పొడుగ్గ పడ్తయి. చిరుతకు గోళ్లు పడయి, లోపలికి ముడుసుకుంటది. కుక్కకు, రేచుకుక్కకు పడ్తయి. ఈ ఒక్క ముచ్చట పిల్లలకు చెప్పున్రి, పొద్దంత ఇసుకల్నే తిరుగుతరు.

ఇప్పచెట్టు | మార్చి 10

టీచర్ గారూ, ఏప్రిల్ మొదట్లో అంటే ఇప్పపువ్వు రాలే రోజులు. తెల్లవారుజామున చెట్ల కిందికి ఎవరూ పోకుండా చూసుకోండి. మనం లేవకముందే అక్కడ గుడ్డెలుగు ఉంటుంది.

మాది మంగపేట వైపు ఊరు. మా మేనత్తను ఇప్పచెట్టు కిందే ఎలుగు పట్టింది. చీకటితోనే గంప పట్టుకుని పోయింది. ఇప్పపువ్వు రాత్రంతా రాలుతుంది, ఎండెక్కితే ముద్దవుతుంది, అందుకని ఆడవాళ్లు చీకటి ఉండగానే పోతారు. చెట్టుకు అటు వైపు ఎలుగు తల వంచి తింటోంది, ఇటు వైపు ఆమె తల వంచి ఏరుతోంది. ఇద్దరికీ తెలియలేదు. ఎలుగుకు చూపు, వినికిడి అంతంతమాత్రం. దగ్గరికి వచ్చేదాకా పసిగట్టదు, పసిగట్టిందంటే భయంతో మీద పడుతుంది. మా అత్త బతికింది గానీ ఎడమ కన్ను పోయింది. ఆ మరుసటేడు మళ్లీ అదే చెట్టు కిందికి పోయింది, కాకపోతే గంప మీద కట్టెతో కొట్టుకుంటూ, గట్టిగా మాట్లాడుకుంటూ. నేను అడిగితే "దాని తిండికి అది వచ్చింది, నా తిండికి నేను పోయిన" అని మాత్రం అంది. ఎలుగును తిట్టగా నేను ఎన్నడూ వినలేదు.

పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పండి. ఎలుగుకు పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులో నుంచి చెదలను గొట్టంతో పీల్చినట్టు పీలుస్తుంది, ఆ శబ్దం చాలా దూరం వినిపిస్తుంది. పిల్లలను వీపు మీద మోసుకుని తిరుగుతుంది. పుట్ట పగలగొట్టి, లోపల గుండ్రంగా గుంత తవ్వి ఉన్నది కనిపిస్తే అది దాని పనే.

పాత బీట్ ఆఫీసర్ | మార్చి 10

ఇప్పచెట్టు గారు రాసింది చదివాక నిప్పు గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. పువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకు ఊడ్చేబదులు అగ్గి పెడతారు. నేల నల్లగా అయితే లేత పసుపు పువ్వు బాగా కనిపిస్తుందని. గాలి లేచిందంటే ఆ మంట చెట్టు కింద ఆగదు. తునికాకు కోసం కూడా అంతే, మంట పెడితే చిగురు బాగా వస్తుందని నమ్మకం. కొమ్మ కొడితే చాలు చిగురు వస్తుంది, నిప్పు అక్కర్లేదు.

నేల మంట పెద్ద చెట్లను చంపదు. అందుకే చాలామంది "ఏమైంది, చెట్లన్నీ ఉన్నయి కదా" అంటారు. మోకాలెత్తు మద్ది మొక్క, ఏగిస మొక్క పోతుంది. నేల మీద గూడు పెట్టే పిట్ట గుడ్లు పోతాయి. తాబేలు, అలుగు, కుందేలు పిల్ల పోతాయి. పదేళ్లు వరసగా కాలిన చోట ముసలి చెట్లే ఉంటాయి, వాటి కింద పిల్ల చెట్టు ఒక్కటి కనిపించదు. సర్వీసులో చివరి ఏళ్లలో మాకు ఆకు ఊదే బ్లోయర్లు ఇచ్చారు. వాటితో ఫైర్ లైన్లు, అంటే ఆకు లేని ఖాళీ గీతలు తీస్తే సగం మంటలు ఆ గీత దగ్గరే ఆగేవి. అంతకు ముందు కొమ్మలతోనే కొట్టి ఆర్పేవాళ్లం, కనుబొమలు కాలిపోయేవి.

ఇప్పచెట్టు | మార్చి 11

నిజమే సార్. మా ఊళ్లో ఇప్పుడు కొందరు పాత చీరలు, దోమతెరలు చెట్టు కింద పరుస్తున్నారు. పువ్వుకు మన్ను అంటదు, ధర కూడా బాగా పలుకుతుంది. ఊడ్చే పని లేదు, అగ్గి పని లేదు. కానీ ప్రతి ఇంటికీ నాలుగైదు చెట్లుంటాయి, అన్నిటికీ పరచాలంటే గుడ్డ ఎక్కడ తేవాలి? ఎవరైనా ఇప్పించగలిగితే మంటలు సగం తగ్గుతాయని నా నమ్మకం.

మక్కచేను, నర్సంపేట | మార్చి 12

అందరూ అడవి ముచ్చట మంచిగ చెప్తున్నరు. అడవి అంచున ఉన్న రైతు ముచ్చట సుత వినున్రి.

మాకు పాకాల అంచున మూడెకరాలు. మక్క పాలుపోసుకునే టైముకు పందులు దిగుతయి. ఇరవై, ముప్పై. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. ఒక్క రాత్రిల అరెకరం నేలకు ఒరుగుతది. మంచె కట్టిన, డప్పు కొట్టిన, పటాకులు పేల్చిన, రంగు చీరలు చుట్టిన. వారం దినాలు భయపడ్డయి, తర్వాత చీరల కిందికెల్లే దూరినయి.

అందరి లెక్కనే నేను సుత రెండేండ్లు కరెంటు తీగ పెట్టిన. దాచిపెట్టుకుంట రాసుడు నాకు ఇష్టం లేదు. మూడో ఏడు మా చిన్నాయిన పక్కోళ్ల చేను గట్టు మీద పాణం ఇడిచిండు. మోటరు బందు చేద్దామని రాత్రి పోయిండు, పందులకు పెట్టిన తీగ కాలికి తాకింది. తెల్లారి నేనే పోయి చూసిన. చేతిల టార్చిలైటు ఇంక ఎలుగుతనే ఉన్నది. ఆయనకు పది గజాల దూరంల ఒక పంది, దాని పక్కన ఒక నక్క. ఆ దినం ఇంటికచ్చి మా తీగంత చుట్టి బాయిల పారేసిన.

తప్పు అని నాకు ఎరుకే. గని తప్పు అని చెప్పేటోళ్లు పంట ఎట్ల దక్కించుకోవాల్నో సుత చెప్పాలె.

పాత బీట్ ఆఫీసర్ | మార్చి 12

తమ్ముడూ, ఇంత నిజం బయటికి రాసినందుకు నీకు దండం. నా సర్వీసులో తీగ తగిలి చనిపోయిన దుప్పులను లెక్కపెట్టలేదు. చిరుతను ఒకసారి చూశాను. మనుషులను కూడా చూశాను. తీగ పంది కోసమే పెడతారు, దానికి మాత్రం పంది ఏదో మనిషి ఏదో తెలియదు.

నువ్వు అడిగింది న్యాయం. నాకు తెలిసినవి చెప్తాను. మక్క చుట్టూ నాలుగు వరసలు ఆముదం వేయి. పందికి ఆముదం వాసన, రుచి పడవు, దట్టంగా ఉంటే దాటి రావడానికి వెనకాడుతుంది, గింజ నీకు అదనం. రెండోది సోలార్ కంచె. చాలామంది దాన్నీ కరెంటు తీగనూ ఒకటే అనుకుంటారు. లైను నుంచి నేరుగా తీసిన కరెంటు పట్టుకుని వదలదు, అందుకే చంపుతుంది. సోలార్ కంచె యంత్రం సెకనుకు ఒకసారి చప్పున తట్టి వదిలేస్తుంది. పంది జడిసి వెనక్కి పోతుంది, బతికే ఉంటుంది. ఒక్క రైతు పెట్టుకోవడం భారం. పది మంది కలిసి చేన్లన్నిటికీ ఒకే కంచె వేసుకుంటే ఎకరానికి పడే ఖర్చు బాగా తగ్గుతుంది. పంట నష్టపోతే పరిహారం ఉంది, పంచనామా ఆలస్యం కాకుండా అదే రోజు ఫోటోలు తీసి దరఖాస్తు పెట్టాలి.

మక్కచేను, నర్సంపేట | మార్చి 13

ఆముదం ముచ్చట మా తాత చెప్తుండె, మేమే ఇడిచిపెట్టినం. వానకాలం వేసి చూస్త. పరిహారం మాత్రం సార్, నేను పోయినేడు పెట్టిన దరఖాస్తుకు ఇయ్యాల్టిదాక జవాబు లేదు. మూడు సార్లు తిరిగితే మూడు దినాల కూలి పోయింది.

వేదిక నిర్వాహకులు | మార్చి 13

మంచి చర్చ జరుగుతోంది. ఒక్క మనవి. ఉచ్చులు, తీగలు ఎలా పెడతారో వివరాలు రాయకండి. జంతువు కనిపించిన చోటును గుర్తుపట్టేలా రాయకండి, ఫోటోలకు లొకేషన్ తీసేసి పెట్టండి. ఇక్కడ రాసింది వేటగాళ్లు కూడా చదువుతారు.

కాగజ్‌నగర్ నుంచి | మార్చి 15

పులి గురించి పిల్లలు అడిగారు కాబట్టి మా వైపు సంగతి. మహారాష్ట్రలో తాడోబా అడవి పులులతో నిండిపోయింది. వయసుకు వచ్చిన పులికి అక్కడ జాగా దొరకదు. తల్లిని వదిలి బయలుదేరుతుంది, ప్రాణహిత ఈదుతుంది, పెన్‌గంగ ఈదుతుంది, మా కాగజ్‌నగర్, బెజ్జూరు అడవుల్లోకి వస్తుంది. ఇంకా దక్షిణాన కవ్వాల్ ఉంది, 2012లో టైగర్ రిజర్వ్ అయింది, చుట్టూ ఉన్న బఫర్ అడవితో కలిపితే రెండు వేల చదరపు కిలోమీటర్లు. పులులు మాత్రం అక్కడ నిలవడం లేదు. నడుమ రైలు పట్టాలు, పెద్ద రోడ్లు, పత్తి చేన్లు. అడవి తెగిపోయిన చోటల్లా పులి చేన్ల మీదుగా నడవాలి.

2024 నవంబరు ఆఖర్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. పత్తి ఏరుతున్న ఆడమనిషిని పులి చంపింది. ఆ తర్వాత కొన్నాళ్లు మా వైపు కూలోళ్లు తల వెనక ముఖం మాస్కు పెట్టుకుని పత్తి ఏరారు. పులి వెనక నుంచి వస్తుంది, ముఖం కనిపిస్తే ఆగుతుందని. వంగి పత్తి ఏరే మనిషి పులికి మనిషిలా కనిపించదు, నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తుంది. పిల్లలకు పులి గురించి చెప్పేటప్పుడు, దాని పక్కన బతికే మనుషుల గురించి కూడా చెప్పండి టీచర్ గారూ. రెండూ కలిపి చెప్తేనే వాళ్లకు అర్థమవుతుంది.

పశువుల డాక్టర్, మంచిర్యాల | మార్చి 15

దానికి నాదొక మాట చేర్చుతాను. పులి గానీ చిరుత గానీ ఆవును చంపితే కోపంతో కళేబరానికి విషం పెట్టకండి. తిరిగి వచ్చిన పులి చచ్చిపోతుంది, దాని తర్వాత నక్కలు, రాబందులు. బెజ్జూరు పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టాయన్నది మన భాగ్యం. పశువులకు వేసే డైక్లోఫెనాక్ సూది మందు వల్లే దేశమంతా రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. ఎవరైనా ఇప్పటికీ మనుషుల మందు తెచ్చి వేస్తుంటే వద్దని చెప్పండి. అడవిలో మేపే పశువులకు గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి వేయించండి, ఆ జబ్బు అడవిదున్నకూ దుప్పికీ అంటుకుంటుంది.

హన్మకొండ టీచరమ్మ | మార్చి 16

నేను ఒక ప్రశ్న అడిగితే మీరంతా నాకు ఒక పాఠ్యపుస్తకం రాసి ఇచ్చారు. అనుమతికి దరఖాస్తు పెట్టాను. ఇంకొకటి. పోయినేడు ఆగస్టులో తాడ్వాయి అడవిలో చెట్లు కూలిపోయాయి కదా. ఆ చోటు పిల్లలకు చూపించవచ్చా? ఏం జరిగిందని చెప్పాలి?

వాగొడ్డు | మార్చి 16

2024 ఆగస్టు 31 అక్కా. సాయంత్రం. మా ఊరికెల్లి చూస్తే మబ్బు నల్లగ కాదు, మన్ను రంగుల ఉండె. వాన వచ్చింది, దాని ఎనుక గాలి. ఆ చప్పుడు నేను మళ్ల వినద్దు. ఒకటే తీరుగ, ఆగకుంట, పక్కన రైలు పోయినట్టు. పావుగంటనో అరగంటనో, మేం ఇంట్ల మూలకు కూసున్నం. అవ్వ సమ్మక్కకు మొక్కుకుంటనే ఉన్నది.

తెల్లారి పోయి చూసినం. ఐదు వందల ఎకరాల అడవి పండుకున్నది. యాభై వేల చెట్ల పైమాటే అని తర్వాత లెక్క చెప్పిన్రు. నల్లమద్ది చూడున్రి, ఇద్దరం చేతులు చాపితే అందని మాను, వేళ్లతోని సహా లేచి, ఆ వేళ్ల గోడ మా ఇల్లంత ఎత్తు ఉన్నది. వేళ్లకు ఇంక ఎర్రమన్ను కారుతున్నది. కొన్ని సగంల ఇరిగి, తాడు మెలి తిప్పినట్టు తిరిగి ఉన్నయి. అన్నిటికన్న నాకు ఏడుపు వచ్చింది ఏందంటే ఎండ. మా చిన్నప్పటికెల్లి ఎండ తాకని నేల మీద ఎండ పడ్డది. నాచు మూడు దినాలల్ల ఎండిపోయింది. పిట్టలు ఒర్రుతలేవు.

మా పెద్దోళ్లు ఒక మాట అన్నరు, అడవి లేకుంటే ఆ గాలి ఊరి మీదికి వచ్చునని. తల్లి అడవిని అడ్డం పెట్టిందని. సైన్సు ఏమంటదో మీరు చెప్పున్రి, నేను అదే నమ్ముత.

పిల్లలకు చూపెట్టున్రి. పోయిన వారం చూసిన, మోడుల కాడికెల్లి మద్ది చిగురు పెట్టింది. గడ్డి లేచింది. గడ్డికి దుప్పులు వస్తున్నయి.

పాత బీట్ ఆఫీసర్ | మార్చి 17

నేను కూడా చూసి వచ్చాను. ఒక అభిప్రాయం ఉంది, ఒప్పుకోనివాళ్లు ఉంటారు. కూలిన మాన్లన్నీ బయటికి తరలించకూడదు. దారికి అడ్డం ఉన్నవి, నిప్పుకు ఆజ్యం అయ్యేవి తీయాలి, కొంత భాగం అక్కడే కుళ్లనివ్వాలి. కుళ్లిన మానులో చెద, చెదకు ఎలుగు, తొర్రలో ఉడుము, ముంగిస. ఆ ఖాళీలో టేకు ఒక్కటే తెచ్చి నాటితే మాత్రం మనం అడవి చేసినట్టు కాదు, తోట వేసినట్టు. కంచె వేసి, నిప్పు రాకుండా నాలుగేళ్లు కాపాడితే దాని విత్తనం అదే మొలుస్తుంది.

హన్మకొండ టీచరమ్మ | ఏప్రిల్ 12

వెళ్లి వచ్చాం. ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

ముందు రోజు రాత్రి తాడ్వాయిలోనే ఉండి, తెల్లవారి అయిదున్నరకు బీట్ ఆఫీసరుతో, ఒక వాచర్‌తో బయలుదేరాం. ఆరింటికి వాగులో ఉన్నాం. పిల్లలు చెప్పులు విప్పి ఇసుకలో దిగారు, ఎవరూ మాట్లాడలేదు. నేను చెప్పనేలేదు, వాళ్లంతట వాళ్లే గుసగుసల్లోకి వచ్చారు. చెలిమె గిన్నెంత ఉంది. నీళ్ల మీద రెండు తేనెటీగలు, ఒక ఇప్పపువ్వు తేలుతున్నాయి. చుట్టూ ఇసుక తడిగా, కుమ్మరి మట్టిలా మెత్తగా ఉంది, దాని మీద దుప్పి గిట్టలు ఒకదాని మీద ఒకటి. మా క్లాసులో ఎన్నడూ నోరు తెరవని అమ్మాయి ఒకతి పక్కన కూర్చుని చాలాసేపు చూసి, "టీచర్, ఇది చిన్న పోరడి కాలు కాదు, ముందట గోళ్లున్నయి" అంది. గుడ్డెలుగు. వాచర్ వంగి, వేలితో ఇసుక తాకి చూసి, గీత అంచు ఇంకా రాలలేదు కాబట్టి తెల్లవారుజామునే వచ్చి ఉంటుందని చెప్పాడు. పన్నెండు మందీ ఒక్కసారి అడవి వైపు చూశారు.

కాసేపటికి పైన ఎక్కడో కొండముచ్చు ఖక్, ఖక్ అని అరిచింది, దాని వెంట దుప్పి కూత. బీట్ ఆఫీసరు చెయ్యి ఎత్తితే అందరం రాళ్లలా నిలబడ్డాం. ఏమీ కనిపించలేదు. ఏదో వెళ్లిపోయింది, అంతే. పులి అడగడం మాత్రం ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు జరిగింది రాయాలా వద్దా అని ఇన్ని రోజులు ఆలోచించాను. చెలిమె నుంచి పైకి ఎక్కే సన్న బాట మీద, రెండు పొదల నడుమ, మోకాలెత్తున బైకు క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు ఉంది. ముందు నడిచిన బాబు దాన్ని తీగ అనుకుని చెయ్యి పెట్టబోయాడు. వాచర్ పట్టి వెనక్కి లాగాడు. ఉచ్చుకు దుప్పి వెంట్రుకలు నాలుగు అంటుకుని ఉన్నాయి, అది ఎట్లాగో తప్పించుకుంది. కటింగ్ ప్లేయరుతో తీగ కత్తిరించేటప్పుడు ఆయన చేతులు వణికాయి. ఆ వారంలో అది నాలుగోదట. పిల్లల ముందు నేను ఏడవకూడదని చాలా ప్రయత్నం చేశాను.

బడికి వచ్చాక పిల్లలు చెలిమె బొమ్మ గీశారు. పన్నెండు బొమ్మల్లో తొమ్మిదింటిలో ఆ ఉచ్చు ఉంది.

మక్కచేను, నర్సంపేట | ఏప్రిల్ 12

టీచరమ్మా, చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మా ఊళ్లె ఏడుగురం రైతులం కూసొని మాట్లాడుకున్నం. ఆముదం ఇత్తనం అందరికీ కలిపి తెస్తున్న. కంచె ముచ్చట సుత నడుస్తున్నది, ఇద్దరు ఇంక ఒప్పుకోలేదు.

వాగొడ్డు | ఏప్రిల్ 13

అక్కా, ఏ చెలిమె అనేది ఈడ రాయకున్రి. నాకు విడిగ మెసేజ్ పెట్టున్రి. మా ఊరి పోరగాళ్లం ఆరుగురం ఉన్నం, వాచర్ అన్నను ఎంట తీసుకొని ఎల్లుండి పొద్దుగాల ఆ వాగు రెండు ఒడ్లు, మీది బాటలు మొత్తం తిరుగుతం. కటింగ్ ప్లేయర్లు రెండే ఉన్నయి, ములుగుల ఇంకో రెండు కొంటున్నం.